కొండ మరిగినవాళ్ళు

పోస్టుమాన్ జోబ్ మూడింటికి వస్తాడు. ఎండయినా వానయినా మూడుకి పది నిమిషాలు అటూ ఇటూ, అంతే. ఉత్తరం పొయ్యి పైన అరమీద, గడియారం వెనకాల ఉంది. గడియారంలో ఒంటిగంట దాటి ఇరవై నిమిషాలయింది.

టామర్ రొట్టెల పిండి పిసుకుతూ గడియారం వంక చూడకూడదనుకుంది. చూసింది.

ఆ ఉత్తరంలో ఏముందో ఆమెకి తెలుసు. నిన్న మధ్యాహ్నం ఐజక్ మౌన్సీ దాన్ని రాసి పైకి చదివి మరీ వినిపించాడు. చాటుమాటు వ్యవహారం ఆయనకి చేతకాదు. 'ఏజెంటుగారికి, నా తుంటి ఇక నన్ను కొండెక్కనివ్వడం లేదు. వచ్చే మార్చి నుంచి రావెన్‌గిల్ ఫారం కౌలు నా చెల్లెలి కొడుకు విల్ఫ్రెడ్‌కి ఇవ్వవలసిందని మనవి.' అంతే. లోయలో ఫారాలన్నీ ఒక దొరగారి ఎస్టేటువి, వాటి పెత్తనం ఏజెంటుది; దిగిపోయే కౌలుదారు ఎవరి పేరు చెబితే వారికే ఫారం. ఐజక్ తాతగారి నాటి నుంచీ ఆ మాట ఒక్కసారీ తప్పలేదు. కవరు జోబ్ సంచిలో పడితే ఇక రాసేసినట్టే.

స్టాంపు తడిపి అంటించింది టామరే.

విల్ఫ్రెడ్ బారో పట్నంలో ఓడల కార్ఖానాలో ఇనుము అతికే పని చేస్తాడు. రావెన్‌గిల్‌కి రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి పాలిష్ బూట్లతో వచ్చి పేడలో కాలేశాడు. రెండోసారి పొట్టేలు తరిమితే బొగ్గుల కొట్లో దూరి గడియ పెట్టుకున్నాడు, టామర్ వెళ్ళి పిలిచేదాకా బయటికి రాలేదు. అతన్ని కౌలు చేస్తావా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు కూడా. రక్తం పిలిస్తే వస్తాడంటాడు ఐజక్.

టామర్ రక్తం కాదు. ఆరేళ్ళప్పుడు వైట్‌హేవెన్ అనాథాశ్రమం నుంచి వచ్చింది. తండ్రి గనిలో పోయాడు, తల్లి అంతకుముందే పోయింది. ఒక్క చలికాలం ఉంచుకోమని పాదిరీగారు తెచ్చి దింపారు. ఆ చలికాలం అయిపోయింది, మరొకటి వచ్చింది. ఐజక్ భార్య మర్సీ పిల్లకి పాత కోటు కుదించి కుట్టింది, కుట్టాక ఇక పంపబుద్ధి కాలేదు. అలా ఇరవై ఏడేళ్ళు. మర్సీ పోయి ఆరేళ్ళయింది. నాలుగేళ్ళుగా కొండ మీంచి మందని దింపేది టామర్ ఒక్కతే, తోడు టిప్ అనే కుక్క.

ఐజక్‌కి ఆమె మీద ప్రేమ లేదంటే కళ్ళు పోతాయి. కెజిక్‌లోని ఒక హోటల్లో ఆమెకి పని మాట్లాడి పెట్టాడు. వెచ్చటి గది, ఆదివారం సెలవు. అది చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఎంత తృప్తి ఉందంటే, టామర్ తలూపింది. తక్కిన ప్రతి విషయంలో ఆయనతో వాదిస్తుంది. గడ్డి కోతకి ఏ రోజు మంచిదన్న దగ్గర్నుంచి కూరలో ఉప్పు దాకా. ఫారం మాత్రం అడగలేకపోయింది. అడిగి తీసుకుంటే అది ఇచ్చినట్టు కాదు.

ఒంటిగంటన్నరకి దొడ్డి ముందు మోటార్‌సైకిల్ దడదడలాడుతూ ఆగింది.

వచ్చినవాడు యూనివర్సిటీ నుంచి. పేరు ఎడ్మండ్ లీస్. తలనుంచి కాళ్ళదాకా తడిసి ఉన్నాడు, చంకలో నూనెగుడ్డ చుట్టిన లావుపాటి పుస్తకం మాత్రం పొడిగా ఉంది. కొండల్లో ముసలివాళ్ళు ఏ వస్తువుని ఏమంటారో, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసుకుంటూ తిరుగుతున్నాడు. ఆ లోయలో అసలు సిసలు మాట కావాలంటే ఐజక్ మౌన్సీ నోట వినాలని పాదిరీగారే పంపారు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఐజక్ రోజూ గడ్డం గీసుకుంటున్నాడు.

టామర్ అతని కోటు పొయ్యి దగ్గర ఆరేసి, అల్లం రొట్టె ముక్క, టీ ఇచ్చింది. ప్రశ్నలు మొదలయ్యాయి. గొర్రెల్ని లెక్కపెట్టే పాత అంకెలు చెప్పమని అడగబోతుంటే ఐజక్ చెయ్యెత్తాడు. అవి చూడవచ్చినవాళ్ళ కోసం చెప్పే అంకెలనీ, తన తండ్రి మామూలుగా ఒకటీ రెండూ అనే లెక్కపెట్టేవాడనీ చెప్పాడు. లీస్ మొహం కాస్త చిన్నబోయింది. తర్వాత నుంచి ప్రశ్నలు సాఫీగా సాగాయి. నీళ్ళు తాగే తొట్టిని ఏమంటారు? గోడలో గొర్రె దూరే కంతని ఏమంటారు? రెండేళ్ళ ఆడగొర్రెని?

"ఇంత చదువుకున్నావు, గొర్రెని గొర్రె అంటారని ఎవరూ చెప్పలేదా అబ్బాయ్?" అన్నాడు ఐజక్, సంతోషం ఆపుకోలేక.

వెల్లకిలా పడి లేవలేని గొర్రెని ఏమంటారన్న దగ్గర ముసలాయనకి మాట తట్టలేదు. నుదురు రుద్దుకున్నాడు. టామర్ పిండి లోంచి తలెత్తకుండానే ఆ మాట అందించింది. ఐజక్ చప్పట్లు కొట్టాడు. లీస్ తలూపాడు, కానీ అతని కలం కదల్లేదు.

ఇంకో రెండు మాటలు కూడా ఆమే చెప్పింది. రెండుసార్లూ కలం అలాగే నిలబడింది. ఈసారి ఐజక్ కూడా చూశాడు.

"ఆ పిల్ల చెప్పింది రాసుకోవేం? తప్పా?"

లీస్ చెవులు ఎర్రబడ్డాయి. తప్పు కాదన్నాడు, పైవాళ్ళు పెట్టిన నియమం ఒకటుందన్నాడు. మాట చెప్పే మనిషి ఇక్కడే పుట్టి ఉండాలి, తల్లీ తండ్రీ కూడా ఇక్కడివాళ్ళే అయి ఉండాలి. బయటినుంచి వచ్చినవాళ్ళ మాట నమ్మడానికి లేదు. పాదిరీగారు ఈమె సంగతి ముందే చెప్పారు, క్షమించాలి.

ఐజక్ టామర్ వైపు చూశాడు. తర్వాత గడియారం వైపు చూశాడు. తర్వాత టీ కప్పులోకి చూశాడు.

"అదీ న్యాయమేలే," అన్నాడు.

టామర్ పిండి ముద్దని గిన్నెలో వేసి గుడ్డ కప్పింది. వేళ్ళకి అంటుకున్న పిండి చాలాసేపు కడుక్కుంది. రెండున్నర అయింది.

లీస్ పేజీ తిప్పాడు. తర్వాతి మాట కోసమే నిజానికి ఇంతదూరం వచ్చానన్నాడు. హీఫ్. ఇక్కడి కాపరులు తప్ప ఎవరూ వాడని మాట. దాని అర్థం ఐజక్ నోట, ఐజక్ మాటల్లో కావాలి.

ముసలాయన కుర్చీలో సర్దుకున్నాడు. ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఆయన డెబ్బై ఒక్క ఏళ్ళుగా సిద్ధంగా ఉన్నాడు.

"కొండకి గోడల్లేవు. చూశావుగా. పైన తొమ్మిది ఫారాల మందలు మేస్తాయి. ఒకదాంతో ఒకటి ఎందుకు కలవ్వు? ఎవరి గడ్డి వాళ్ళకి తెలుసు గనక. ఫలానా రాయి నుంచి ఫలానా వాగు దాకా మాది. మా గొర్రె ఆ వాగు దాటదు. దాని ముత్తవ్వ దాటలేదు గనక. ఆ నేలనే హీఫ్ అంటాం. ఆ నేల మరిగిన గొర్రెనీ అదే అంటాం. మనిషి ఫారం వదిలిపోవచ్చు, మంద పోకూడదు. కొత్తవాడొస్తే మందని ఫారంతో పాటే ఒప్పజెప్తాం. లేకపోతే కొండ పాడైపోతుంది."

గొర్రెపిల్లకి ఎలా తెలుస్తుందని అడిగాడు లీస్. తల్లి వెంట తిరిగి నేర్చుకుంటుందన్నాడు ఐజక్. తల్లి చస్తే?

"ఇంకో తల్లికి అంటగడతాం. పిల్ల చచ్చిన తల్లి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. చచ్చినదాని తోలు వొలిచి, తల్లిలేని పిల్లకి చొక్కాలా తొడుగుతాం. తల్లి వాసన చూసి నాదేననుకుంటుంది. మూడోరోజుకి తోలు విప్పేస్తాం. అప్పటికి దాని పాలే దీని వాసన."

లీస్ గబగబా రాసుకుంటున్నాడు. మందలో ఒక్క తల్లి కూడా మిగలకపోతే ఏమవుతుందని అడిగాడు. ఊరికే, వరసలో తర్వాతి ప్రశ్నగా అడిగాడు.

ఐజక్ పొయ్యి వైపు తిరిగాడు. పొయ్యిలో బొగ్గు ఒకటి చిటపటలాడింది.

ఒకసారి అలాగే అయిందన్నాడు. ఆరేళ్ళ కిందట, నలభై ఏడులో పడ్డ మంచు. జనవరిలో మొదలై మార్చి దాకా పడింది. మూడువందల గొర్రెల్లో మిగిలినవి ముప్పై ఎనిమిది, అవి కూడా ఇంటి దగ్గరి దొడ్డివి. పై హీఫ్ తెలిసిన గొర్రె ఒక్కటీ లేదు. మంచు కరిగాక చచ్చినవి గుట్టలుగుట్టలుగా దొరికాయి, గోడవారన, ఒకదాన్నొకటి ఆనుకుని. అదే ఏప్రిల్‌లో మర్సీ మంచాన పడింది. ఐజక్ ఆమె పక్కన కూర్చుని చెయ్యి వదల్లేకపోయాడు. ఫారం వదిలేద్దామనుకున్నాడు కూడా.

"అప్పుడు ఈ పిల్ల..." అని ఆగాడు.

లీస్ కలం పట్టుకుని ఎదురుచూశాడు. టామర్ కొళాయి కట్టేసింది.

"ఈ పిల్ల కనుమ దాటి పక్క లోయకి పోయి, తల్లిలేని గొర్రెపిల్లల్ని గోనెసంచుల్లో మోసుకొచ్చింది. నాలుగుసార్లు. మా ముప్పై ఎనిమిదింటికీ పుట్టిన పిల్లలు పుట్టినట్టే చచ్చాయి. వాటి తోళ్ళు వీటికి తొడిగింది. సగం బతికాయి. తర్వాత మందని పైకి తోలింది. పై కొండ వాటికేం తెలుసు? వదిలిన గంటకి అవతలి లోయలో ఉంటాయి. అందుకని తనూ అక్కడే ఉంది. పైన పాత రాతిగుడిసె ఉంది, పైకప్పు సగమే. మే నుంచి సెప్టెంబరు దాకా. పొద్దున వాగు దగ్గర నిలబడి వెనక్కి తోలేది. సాయంత్రం రాయి దగ్గర నిలబడి వెనక్కి తోలేది. గోడ లేనిచోట తనే గోడయింది. సెప్టెంబరుకి దిగొచ్చేసరికి నల్లగా, మెరికలా, గొర్రెలాగే కంపుకొడుతూ..."

"మీరు అప్పుడూ అదే అన్నారు," అంది టామర్.

"నిజం ఎప్పుడైనా నిజమే. ఇప్పుడు పైనున్న నూట అరవై గొర్రెలూ ఆ ముప్పై ఎనిమిదింటి, ఆ గోనెసంచి పిల్లల సంతానమే అబ్బాయ్. ఒక్కటీ వాగు దాటదు."

లీస్ రాయడం ఆపాడు. అతనికి ఈ ఇంటి సంగతులేవీ తెలియవు, ఉత్తరం సంగతి అసలే తెలియదు. పనిలో పడ్డ మనిషి అడిగినట్టు అడిగాడు.

"అంటే ఆ పిల్లలకి హద్దు నేర్పిన తల్లి ఎవరు?"

ఐజక్ నోరు తెరిచాడు. తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

జోబ్. మూడుకి ఎనిమిది నిమిషాలు ముందే.

టామర్ చేతులు తుడుచుకుంది. పొయ్యి దగ్గరికి నడిచింది. కవరు ఎంత చిన్నదో, పొయ్యి ఎంత దగ్గరో ఆమెకి బాగా తెలుసు. వేలు జారితే చాలు. గడియారం వెనక నుంచి కవరు తీసింది, నడవలోకి వెళ్ళింది, తలుపు తీసి జోబ్ చేతిలో పెట్టింది. వాన తగ్గేలా ఉందని అతనన్నాడు, తగ్గదని ఆమె అంది. అతను సైకిలెక్కాడు. తలుపు వేసి, దానికి వీపు ఆనించి, పది అంకెలు లెక్కపెట్టుకుంది. కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది.

లోపల ఐజక్ ముందుకి వంగి ఉన్నాడు. ఈసారి ప్రశ్న అడిగింది ఆయనే. హీఫ్ అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది, అది చెప్పమన్నాడు.

లీస్ జంకుతూ చెప్పాడు. పండితులు ఒక్క మాట మీద లేరు. ఎక్కువమంది చెప్పేదేమంటే, వెయ్యేళ్ళ కిందట ఉత్తర సముద్రం దాటి పడవల్లో వచ్చి ఈ లోయల్లో దిగినవాళ్ళ మాట అది. వాళ్ళ పాత చట్టాల్లో ఉంది. ఒక మనిషి ఒక నేల మీద ఏళ్ళ తరబడి, ఎవరూ కాదనకుండా, విడవకుండా ఉంటే ఆ నేల మీద హక్కు వస్తుంది. ఆ హక్కు పేరు నుంచే ఇది పుట్టిందంటారు. గొర్రెలకి తర్వాతెప్పుడో అంటింది.

"పుట్టుక సంగతి?"

"పుట్టుక సంగతి అందులో లేదండీ. ఉండిపోవడం ఒక్కటే."

"ఎన్నేళ్ళుండాలి?"

"ఒక్కోచోట ఒక్కో లెక్క."

"ఇరవై ఏడు చాలుతుందా?"

లీస్‌కి అర్థం కాలేదు. చాలవచ్చన్నాడు. ముసలాయన కుర్చీ చేతుల మీద బలం వేసి లేచాడు, తుంటి పట్టేసి మళ్ళీ కూలబడ్డాడు.

"పిల్లా, ఆ ఉత్తరం ఇటు తే."

"ఇచ్చేశాను పెద్దయ్యా."

"ఎవరికి?"

"జోబ్‌కి. రాగానే ఇమ్మని పొద్దున మీరే అన్నారు."

ఐజక్ కుర్చీ చెయ్యి చరిచాడు.

"ఇరవై ఏడేళ్ళు నా మాట ఒక్కటి విన్న పాపాన పోలేదు. ఇవాళే వినాలా?"

తర్వాతి పావుగంటలో రావెన్‌గిల్ లోయ ఎన్నడూ చూడనంత వేగం చూసింది. ముసలాయన జోబ్‌ని ఆపమని రెండు ముక్కల్లో చెప్పాడు, లీస్ సగం తడి కోటు తగిలించుకుని పరుగెత్తాడు, మోటార్‌సైకిల్ మొదటి రెండు తన్నులకి దగ్గి మూడో తన్నుకి అందుకుంది. టిప్ మొరుగుతూ దాని వెంటపడింది. గడియారం ఉన్న అరమీద దుమ్ములో కవరు నిలబెట్టినచోట సన్నగా గీత పడి ఉంది. టామర్ గుడ్డ తీసి తుడిచింది.

"హోటల్లో గది వెచ్చగా ఉంటుందనుకున్నానే," అన్నాడు ఐజక్ చివరికి. "నీకు సుఖమనుకున్నాను. తోలు చూసుకున్నాను, పాలు చూసుకోలేదు. గొర్రెకి మూడోరోజుకే తెలిసింది."

ఆయన కాళ్ళ మీద దుప్పటి జారితే టామర్ పైకి లాగింది.

మోటార్‌సైకిల్ తిరిగొచ్చింది, దాని వెనకే రొప్పుతూ జోబ్ సైకిలు. వంతెన దగ్గర దొరికాడు. కానీ ఉత్తరం ఇవ్వనన్నాడు. లోపలికొచ్చి టోపీ తీసి, సంచిని గుండెకి హత్తుకుని నిలబడ్డాడు.

"సంచిలో పడ్డాక అది రాణీగారి సొత్తు. నేను తియ్యడానికి లేదు."

"నేను రాసిందే కదరా," అన్నాడు ఐజక్.

"నాకిచ్చేదాకా నీది. నీ పెళ్ళప్పుడు నువ్వు మర్సీకి రాసిన ఉత్తరం, అప్పటి పోస్టుమాన్ మా నాన్న వెనక్కిచ్చాడా?"

"ఇవ్వలేదు. ఇచ్చుంటే మర్సీని కాదని డోరతీని చేసుకునేవాణ్ణి."

"మరి మా నాన్న నీకు మేలే చేశాడుగా."

నియమాలు పాటించేవాళ్ళు ఆ పూట ముసలాయనకి ఎక్కువగా తగులుతున్నారు. ఇంకో ఉత్తరం తీసుకోడానికి అభ్యంతరమేమైనా ఉందా అని అడిగాడు. సంచిలో చోటుందన్నాడు జోబ్. టీ ఉంటే కూర్చుంటానన్నాడు.

ఈసారి లీస్ రాశాడు. తన పెద్ద పుస్తకం చివరి కాగితం చింపి, దాని మీదే. ముసలాయన కళ్ళు మూసుకుని చెప్పుకుపోయాడు. 'ఏజెంటుగారికి. దీంతో పాటు వచ్చే నా ఇంకో ఉత్తరం పొయ్యిలో వెయ్యండి. అది తప్పు. రావెన్‌గిల్ మందని ఫారం నుంచి విడదీయకూడదన్నది మీకూ మాకూ ఉన్న పాత ఒప్పందం. ఆ మంద హద్దు నేర్చుకుంది టామర్ దగ్గర. పై కొండ తెలిసిన తల్లి ఈ ఫారంలో ఆమె ఒక్కతే. కాబట్టి మార్చిలో మందని ఒప్పజెప్పుకునేటప్పుడు ఆమెని మందతో పాటు లెక్కవేసి, కౌలు ఆమె పేర రాయండి. ఆమె హీఫ్ ఇదే.'

లీస్ చివరి మాట రాసి కాగితం ముసలాయన ముందు పెట్టాడు. ఐజక్ సంతకం చేశాడు.

"నన్ను గొర్రెల్లో కలిపేశారా పెద్దయ్యా?" అంది టామర్.

"పొట్టేళ్ళలో కలిపాను. ఆ మొండితనానికి."

కవరు మీద ఏం రాయాలని లీస్ అడిగాడు. చిరునామా రాసి, కింద 'ఇది రెండోది, ఇదే నిజం' అని రాయమన్నాడు ఐజక్. ఈసారి స్టాంపు ఆయనే తడిపాడు. వంకరగా అంటుకుంది. జోబ్ దాన్ని సంచిలో పెట్టేముందు అటూ ఇటూ తిప్పి చూసి, మొదటిదాని మీద పడేలా సర్ది మరీ పెట్టాడు.

అతను వెళ్ళాక లీస్ తన పుస్తకం తెరిచి వెనక్కి పేజీలు తిప్పాడు. వెల్లకిలా పడ్డ గొర్రెకి ఆమె చెప్పిన మాట ఇంకోసారి చెప్పమన్నాడు. టామర్ చెప్పింది. పైవాళ్ళు ఒప్పుకోరేమోనని ఆమె అనుమానపడింది. ఒప్పుకోకపోతే కొట్టేస్తారు, నేను మాత్రం రాస్తానన్నాడు. చెప్పినవారి పేరు రాశాడు. పుట్టిన ఊరు అన్న గడి దగ్గర కలం ఆగింది. టామర్ వైట్‌హేవెన్ అంది. అలాగే రాశాడు. దాని పక్కన, గడి బయట, సన్నటి అక్షరాలతో 'హీఫ్: రావెన్‌గిల్' అని కూడా రాశాడు.

కిటికీలోంచి చూస్తే వాన నిజంగానే తగ్గింది, కొండ సగందాకా కనిపిస్తోంది. పొట్టేళ్ళని ఆడగొర్రెల్లోకి వదిలే వారం దగ్గరపడింది, చీకటి పడేలోగా పైమందని దింపాలి. టామర్ కోటు తొడుక్కుని కర్ర అందుకుంది. టిప్ అప్పటికే తలుపు దగ్గరుంది.

"పిండి పొంగాక పొయ్యిలో పెట్టండి. మరిచిపోకండి," అంది.

"నాకు చెప్పేంతదానివయ్యావా?" అన్నాడు ఐజక్.

"మార్చిలో అవుతాను. ఈలోపు అలవాటు చేసుకోండి."

ఆమె దొడ్డి దాటి, వాగు పక్క దారిన ఎక్కడం మొదలుపెట్టింది. ముసలాయన కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు. చాలా పైన, మబ్బు అంచున, బూడిదరంగు చుక్కలు కదిలాయి. ఆమె ఇంకా ఈలయినా వెయ్యలేదు. అవి అప్పుడే ఒకదాని వెనక ఒకటిగా దిగి వస్తున్నాయి.